వెలుతురు చూసుకోవడానికి నేను

"కదలకు" అంది నా భార్య. నేను కదల్లేదు. ఊపిరే ఆచితూచి పీలుస్తున్నాను, ఇంకేం కదులుతాను? కిటికీ పక్కన కుర్చీలో, ఎడమ భుజం వెలుతురు వైపు పెట్టి, చేతులు తొడల మీద వేసుకుని, తప్పు చేస్తే తరగతి బయట కూర్చోబెట్టిన పిల్లాడిలా కూర్చున్నాను. ఆవిడ కెమెరా వెనక నుంచి ఒంటికన్నుతో నన్ను చూస్తోంది. నన్ను అనకూడదేమో. నా ముక్కు నీడ చెంప మీద ఎక్కడిదాకా పడిందో చూస్తోంది, కళ్ళ కింద గుంటల్లో చీకటి ఎంతుందో చూస్తోంది, చూసి పెదవి విరిచి, కిటికీకి కట్టిన పల్చటి తెల్లగుడ్డని బెత్తెడు పక్కకి జరిపి, మళ్ళీ కెమెరా వెనక్కి పోయి, మళ్ళీ "కదలకు" అంటోంది. ఈ హంగామా అంతా నా కోసం కాదు. ఇంకాసేపట్లో మా తమ్ముడు వస్తాడు. వాడొచ్చి ఈ కుర్చీలో కూర్చునేసరికి వెలుతురు సిద్ధంగా ఉండాలి, వాడు ఎదురుచూడకూడదు, వాడి ముఖం అలసిపోకూడదు. అందుకని ముందు నా ముఖం పెట్టి చూసుకుంటోంది. ఇద్దరివీ అచ్చుగుద్దినట్టు ఒకే ముఖాలు కదా, అదే పొడుగు ముక్కు, అవే లోతు కళ్ళు, నా మీద సరిపోయిన వెలుతురు వాడి మీదా సరిపోతుందట. కొత్త చొక్కా వాడికి, కొలతలివ్వడానికి నేను.

ఇది మా పడకగది. ఫోటో తీసే రోజున మంచాన్ని గోడవారకి నెట్టేసి, రాత్రిపూట నా తలగడ ఉండే చోట ఈ కుర్చీ వేస్తుంది. వేరే చోటు కుదరదట. కిటికీకి మరీ దగ్గరైతే సగం ముఖం తెల్లగా కాలిపోతుందట, మరీ దూరమైతే బూడిద పూసినట్టుంటుందట, నా తలగడ దగ్గరే అన్నీ అమరుతాయట. ఇన్నాళ్ళూ నేను పడుకుంటున్న చోటు అంత గొప్పదని నాకే తెలియదు. ఈ ఇల్లు అద్దెకి చూడ్డానికి వచ్చిన రోజున నేను కుళాయిలు తిప్పి నీళ్ళొస్తున్నాయా లేదా అని చూస్తుంటే, ఆవిడ నేరుగా ఈ గదిలోకి వచ్చి, కిటికీ ముందు అరచెయ్యి చాపి, వేళ్ళు అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడిపోయింది. ఉత్తరం కిటికీ. ఎండ తిన్నగా లోపలికి రాదు, ఎదురుమేడ తెల్లగోడ మీద పడి, అక్కడ మెత్తబడి, అప్పుడొస్తుంది. "ఇదే తీసుకుందాం" అంది. వంటగది వైపు తొంగి కూడా చూడలేదు. అప్పటికి ఆవిడ ఒక స్టూడియోలో పనిచేసేది, గొడుగుల్లాంటి దీపాల మధ్య మనుషుల్ని కూర్చోబెట్టి కార్డుల మీద అతికించుకునే ఫోటోలు తీసేది. "ఆ దీపాల కింద ఎవరు కూర్చున్నా దొంగతనం చేసి దొరికిపోయినట్టే ఉంటారు" అని ఆ పని మానేసింది. నాకొక కిటికీ చాలంది. కిటికీతో పాటు నేనూ ఉన్నాను కదా, ఆ సంగతి అప్పుడే అడగాల్సింది.

అప్పట్నించీ ఎంతమంది కూర్చున్నారో నా తలగడ చోట. కుట్టుమిషను పక్కింటావిడ కూర్చుంది. ఉత్తరాలు పంచే ఆయన సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పై అంతస్తు నర్సమ్మ కూర్చుని, ఏం గుర్తొచ్చిందో ఏమో, కిటికీ వైపు చూస్తూ ఏడ్చింది కూడా. స్నానాలగదిలో పైపు బాగుచెయ్యడానికొచ్చిన ప్లంబర్ని సైతం చేతులు తుడిపించి కూర్చోబెట్టింది, వాడి ఫోటో ఎంత బాగా వచ్చిందంటే పైపు సంగతి ఇద్దరూ మర్చిపోయారు, అది ఇప్పటికీ కారుతూనే ఉంది. వచ్చినవాళ్ళతో ఆవిడ మాట్లాడే తీరే వేరు. గొంతు సగానికి సగం తగ్గిపోతుంది. "కొంచెం గడ్డం దించండి, ఆ, అంతే, ఇప్పుడు ఊపిరి వదిలేయండి" అంటుంది. వాళ్ళు వదిలేస్తారు. అప్పుడు మెల్లగా దగ్గరికి వెళ్ళి, రెండు వేళ్ళు గడ్డం కింద ఆనించి, ముఖాన్ని వెలుతురు వైపు రవ్వంత తిప్పుతుంది. ఆ రెండు వేళ్ళు! నేను పక్కనే మా ఫ్రిజ్‌తో పాటు వచ్చిన తెల్ల థర్మాకోల్ పలకని రెండు చేతులా పట్టుకుని నిలబడి చూస్తుంటాను. కిటికీ వైపు చెంపకి కిటికీ ఉంది, అవతలి చెంపకి ఎవరున్నారు, నేనున్నాను, నా పలక ఉంది, కిటికీ వెలుతురుని అందుకుని ఆ చీకటి చెంప మీదకి తిప్పి పంపడం నా ఉద్యోగం. ఆ వేళ్ళు నా గడ్డం దాకా ఒక్కనాడూ రాలేదు. ప్లంబరుకి అండీ, నాకు కదలకు. పెరటి చెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా.

సరే, అదీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఈ పదోది. గ్రంథాలయం పై అంతస్తు హాల్లో వచ్చేవారం ఆవిడ ఫోటోలు పెడుతున్నారు. ఒక కిటికీ, పదిమంది అని దానికి పేరు కూడా పెట్టుకుంది. తొమ్మిది అయిపోయాయి, ఫ్రేములు కట్టించి ముందుగదిలో గోడకి ఆనించి వరసగా నిలబెట్టింది, ప్లంబరు అందులో ఒకడు, పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వాడి మొహం చూడాల్సి వస్తోంది. పదోది మిగిలింది. మిగిలిందంటే ఎవరికి మిగిలినట్టు? బుర్రన్నవాడెవడైనా ఏమనుకుంటాడు? నేనూ అదే అనుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, క్షవరం చేయించుకున్నాను. మీసం సరిచేయించుకున్నాను. నీలం చొక్కా ఇస్త్రీ చేయించి బీరువాలో పైన పెట్టుకున్నాను, నలుపు వెలుతురుని మింగేస్తుందనీ తెలుపు కళ్ళలో కొడుతుందనీ నీలమే ఒద్దికగా ఉంటుందనీ ఆవిడ అందరికీ చెప్పడం విన్నాను కదా. పదోది నిన్నే తీస్తానని ఆవిడ అంటుంది, నన్నెందుకులే, ఈ మొహానికి ఫోటో ఒకటా అని నేను కాదంటాను, ఆవిడ బతిమాలుతుంది, సరే నీ ఇష్టం అని పెద్దమనసుతో ఒప్పుకుంటాను, ఇలా మాటలతో సహా మనసులో అంతా నడిపేసుకున్నాను. ఆవిడ భోజనాల దగ్గర, కంచం పక్కకి జరుపుతూ, "పదోది చిన్నోణ్ణి తీస్తున్నా. ఆదివారం రమ్మన్నా. నువ్వెక్కడికీ పోకు, వెలుతురు చూసుకోవాలి" అంది. నేను "ఊఁ" అన్నాను. ఇంకేమంటాను, నోట్లో ముద్ద ఉంది.

చిన్నోడు అంటే మా తమ్ముడే. బడిలో డ్రిల్లు మాస్టారు, జుట్టు నెరుస్తోంది, అయినా లోకమంతటికీ ఇంకా చిన్నోడే. నేను పెద్దోణ్ణి. పెద్దోడనే పేరులో ఏముంది చెప్పండి, పెద్దోడా పట్టుకో, పెద్దోడా జరుగు, పెద్దోడా నువ్వైనా ఊరుకో, ఇంతేగా. వాడే ఎందుకని ఆ రాత్రే అడిగాను, ఏదో మాటవరసకి అడిగినట్టు, దుప్పటి దులుపుతూ. "వాడి మొహంలో ఎప్పుడూ ఏదో ఒకటి జరుగుతుంటుంది" అంది. అని, దీపం ఆర్పేసి, హాయిగా నిద్రపోయింది. నాకు నిద్రెక్కడిది? గోరుచుట్టు మీద రోకటిపోటులా అంతకు ముందెప్పుడో విన్న మాట ఒకటి లేచి కూర్చుంది. ఒకరోజు దుకాణం నుంచి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను, ఆవిడ లోపల ఫోనులో స్నేహితురాలితో నవ్వుతూ మాట్లాడుతోంది. "లేదే, మా ఆయన మొహంలో ఏమీ ఉండదు, అందుకే వెలుతురు చూసుకోవడానికి భలే బావుంటుంది. ఖాళీ గోడ మీద నీడ తెలిసినట్టు తెలుస్తుంది." చెడుగా అనలేదు. మెచ్చుకోలుగానే అంది. అదే నన్ను చంపింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. రెండో చెప్పు విప్పి, దగ్గి, లోపలికి వెళ్ళి, టీ ఉందా అని అడిగాను.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. దుకాణం నిండా అద్దాలే. వచ్చినవాళ్ళ రెండు కళ్ళ మధ్య దూరం కొలుస్తాను, ఫ్రేము ముక్కు మీద ఎక్కడ కూర్చుంటుందో చూస్తాను, చెవి వెనక ఒరుసుకోకుండా కాడ వేడిచేసి వంచుతాను. రోజూ ఎన్ని ముఖాలో, జానెడు దూరంలోంచి. ఒక్కరూ నావైపు చూడరు, నా భుజం మీదుగా అద్దంలో తమని తాము చూసుకుంటారు, బావుందా అని నన్నడుగుతారు, నేను చెప్పేలోపే బావుందని వాళ్ళే అనుకుంటారు. ఆ ఫోను మాట విన్న మర్నాడు తాళం తీస్తూనే ఒక్కొక్క అద్దం ముందూ నిలబడ్డాను. ఏమీ లేదా? లోపల ఇంత మంటుంటే పైకి ఏమీ రాదా? కనుబొమలు ముడిచి చూశాను, దవడ బిగించి చూశాను, గతమంతా కళ్ళ ముందుకొచ్చినట్టు దూరంగా చూపు పెట్టి చూశాను, అంతలో కళ్ళజోడు తీసుకెళ్దామని వచ్చిన పెద్దావిడ గుమ్మంలోనే ఆగి, "ఏం బాబూ, పంటి నొప్పా?" అంది. అవునండీ అన్నాను. లవంగం పెట్టుకోమని చెప్పి వెళ్ళింది, పాపం మంచావిడ.

"ఎరుపొస్తోంది" అంది ఆవిడ హఠాత్తుగా. నేను ఉలిక్కిపడ్డాను. లోపల మండేది గాని చెంపలోకి వచ్చేసిందా అనుకున్నాను. కాదు, ఎదురుమేడ వాళ్ళు బాల్కనీలో ఎర్ర దుప్పటి ఆరేశారు, దాని రంగు వెలుతురులో కలిసి నా ఎడమ కణత మీద పడుతోందట. కిటికీ తెరిచి, సగం ఒళ్ళు బయటికి వంచి, "ఏమండీ, ఆ దుప్పటి ఒక్క గంట లోపలికి తీస్తారా, మీకు పుణ్యముంటుంది" అని అరిచింది. వాళ్ళు తీశారు. ఎవరైనా తీస్తారు, ఆవిడ అలా అడిగితే. నేను ఒకసారి జ్వరమొచ్చి పడుకుని, ఆ మేడలో రేడియో మోత తగ్గించమని చెప్పవే అంటే, "పోనిద్దూ, వాళ్ళింట్లో వాళ్ళిష్టం" అంది. చిన్నోడి కణత మీద ఎరుపు పడకూడదు. నా చెవుల్లో రేడియో పడొచ్చు. ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకుంటున్నానని నాకే అసహ్యంగా ఉంది, కానీ గుర్తుంటున్నాయి, నేనేం చెయ్యను, మర్చిపోదామని కూర్చుంటే ఇంకో నాలుగు గుర్తొస్తున్నాయి.

అమ్మ కూడా అంతే. వాడికింకా కూర్చోవడం సరిగ్గా రాని రోజుల్లో ఫోటో తీయిద్దామని స్టూడియోకి తీసుకెళ్ళారు. బల్ల మీద కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోతున్నాడు. అప్పుడు స్టూడియో ఆయన ఒక ఉపాయం చెప్పాడు, పెద్దబాబుని వెనకాల కూర్చోబెట్టండమ్మా, మీద దుప్పటి కప్పేద్దాం, లోపల్నించి చంటివాణ్ణి పట్టుకుంటాడు అని. కప్పేశారు. ఉన్ని దుప్పటి, లోపల ఉక్క, నోట్లోకి నూగు. బయట అందరూ చిటికెలు, చప్పట్లు, చిన్నోడా ఇటు చూడు, ఇటు ఇటు అని. వాడు నవ్వాడు. నాకు కనపడలేదు, నా అరచేతుల్లో వాడి పొట్ట ఎగిరెగిరి పడింది, అలా తెలిసింది. ఆ ఫోటో మా ఇంట్లో గోడకి ఎన్నేళ్ళో ఉంది. వచ్చినవాళ్ళంతా పిల్లాడెంత ముద్దొస్తున్నాడో అనేవాళ్ళు. వాడి చంకల కింద నాలుగు వేళ్ళు కనపడేవి, అవి ఎవరివని ఒక్కరూ అడగలేదు. నేనే చెప్పేవాణ్ణి, అవి నావి అని. "నీవేలేరా, వెళ్ళి ఆడుకో" అనేది అమ్మ.

వాడు చెడ్డవాడై ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఒక్క చెడ్డ పని చేసినా చాలు, దాన్ని పట్టుకుని జీవితమంతా వేలాడేవాణ్ణి. చెయ్యడు. మిఠాయి ఇస్తే విరిచి పెద్దముక్క నాకే ఇచ్చేవాడు. నాన్న చెయ్యెత్తితే మధ్యలోకి దూరేవాడు. నేను దుకాణం పెట్టిన రోజున వాళ్ళ బడి పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ వచ్చి, ఈల వేసి, అందరిచేతా నాకు సెల్యూట్ కొట్టించాడు. వీధి వీధంతా వాణ్ణే చూసి చప్పట్లు కొట్టింది. దుకాణం ఎవరిది? ఎంత మంచివాడంటే వాడి మీద కుళ్ళుకోవడానికి కూడా దారి ఉంచలేదు. దారి లేకపోయినా కుళ్ళుకున్నాను. అలవాటైపోయింది.

ఆవిడ ఇప్పుడు వచ్చి నా పక్కనే నిలబడింది, కిటికీ గుడ్డ మడత సరిచేస్తోంది, ఆవిడ మోచెయ్యి నా చెవికి తగులుతోంది. ఎదురుగోడ మీద ఎండ పైకి పాకినట్టుంది, గదిలోకి ఇందాకటి కన్నా తేటగా వస్తోంది. నా చేతుల మీద వెంట్రుకలు కూడా ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. "అబ్బ, ఎంత బావుందో" అంది ఆవిడ. నన్ను కాదు, వెలుతురుని. అయినా నా గుండె ఝల్లుమంది. ఇప్పుడడగాలి. వాడింకా రాలేదు, వెలుతురు ఉంది, కెమెరా ఉంది, కుర్చీలో నేనే ఉన్నాను. ఈ పదోది నన్ను తియ్యి. నాలుగు మాటలు. నాలుగు మాటలు అడగడానికి మొగుడికి ఇంత గింజులాట అవసరమా? కాదంటే ఏమవుతుంది? కాదంటే చచ్చిపోతాను, అదీ అవుతుంది. సరే, పోతే పోయాను. గొంతు సవరించుకుని "ఒక మాట..." అన్నాను. "మాట్లాడకు, దవడ కదులుతోంది" అంది. సరిగ్గా అప్పుడే తలుపు గంట మోగింది. ఆవిడ నా ముఖం మీంచి చూపు తీసేసి, "వచ్చేశాడు!" అని పరిగెత్తింది. నా పెళ్ళిచూపులకి కూడా ఆవిడ అంత తొందరగా నడిచి రాలేదు.

ముందుగదిలో వాడి నవ్వు ముందొచ్చింది, తర్వాత వాడు. "సారీ వదినా, పిల్లల పోటీలు, ఆలస్యమైపోయింది" అంటూ గదిలోకి వచ్చి, నన్ను చూసి, "ఏంటన్నయ్యా, కుర్చీ వెచ్చబెట్టి ఉంచావా నాకోసం?" అన్నాడు. లేచాను. వాడు కూర్చున్నాడు. "నిజంగానే వెచ్చగా ఉంది" అని ఇంకోసారి నవ్వాడు. చొక్కా ఏ రంగు అనుకున్నారు? నీలం. ఇస్త్రీ లేదు, మోచేతుల దాకా మడిచి ఉంది, మెడ దగ్గర చెమట మరక, అయినా కెమెరా వెనక ఆవిడ కళ్ళు వెలగడం నేను చూశాను. పలక చేతిలోకి తీసుకుని నా చోట్లో నిలబడ్డాను. వాడు ఇటూ అటూ చూసి, కొంచెం ఇబ్బందిగా, "నన్నెందుకు వదినా? అన్నయ్యని తీయొచ్చుగా" అన్నాడు. చూశారా, అదీ వాడే అనాలి! నేను గుండెల్లో పెట్టుకుని కాల్చుకుంటున్న మాట, వాడు కూర్చుంటూ కూర్చుంటూ ఉచితంగా పారేశాడు. ఆవిడ నావైపు తిరిగింది. నిజంగానే తిరిగింది, ఏమంటావన్నట్టు కనుబొమలెత్తింది. ఆ క్షణం నా నోరుంది చూశారూ, ఆ నోటిని ఏం చేసినా పాపం లేదు. "నాకెందుకురా ఇవన్నీ. నీకైతే బావుంటుంది" అంది నా నోరు. వాడు దయతలిచి విదిలించింది పుచ్చుకుంటానా నేను? పుచ్చుకోను. "ఆయనకివి పట్టవులే" అంది ఆవిడ, కెమెరా మీదకి వంగుతూ.

మొదలైంది. "భుజాలు వదులు చెయ్యి, ఆ, కిటికీ బయట ఎవరో పిలిచారనుకో, చూడకు, అనుకో చాలు" అంటోంది ఆవిడ, ఆ సగం గొంతుతో. వాడి ముఖంలో నిజంగానే ఏదో కదిలింది. ఎవరు పిలిచారనుకున్నాడో. వాడి భార్య పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళిపోయి చాలా రోజులైంది, ఆ సంగతి మాతో ఒక్కసారే చెప్పాడు, అదీ నవ్వుతూ. ఆవిడ కెమెరా వదిలి వాడి దగ్గరికి వచ్చింది. వద్దు అనుకున్నాను. వచ్చింది. రెండు వేళ్ళు గడ్డం కింద ఆనించి, "కొంచెం ఇటు నాన్నా" అంది. నాన్నట! నా చేతుల్లో పలక దానంతటదే అరచెయ్యంత పక్కకి తిరిగింది. దానంతటదే అని ఎందుకనాలి, నేనే తిప్పాను. వాడి అవతలి చెంప టక్కున చీకట్లోకి పోయింది, ఆ కన్ను మాయమైపోయింది.

"పలక" అంది ఆవిడ. సర్దాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ కెమెరాలో కన్ను పెట్టి, వాడిది ఒకటి తీసింది. ఈసారి పలకని కిందికి దించి, వాడి ఒళ్ళోంచి పైకి కొట్టేట్టు పట్టాను, కిందినించి వెలుతురు పడితే ఎంత అందగాడైనా దెయ్యంలా కనిపిస్తాడు, ముక్కు రంధ్రాలు గుహల్లా ఉంటాయి, ఈ గదిలో ఇన్నేళ్ళు నిలబడిన వాడికి ఆ మాత్రం తెలియదా. "పలక ఎత్తు" అంది. ఎత్తాను, ఎత్తినట్టే ఎత్తి మళ్ళీ వంచాను. "ఏంటివాళ నీకు?" అంది. "చెయ్యి లాగుతోంది" అన్నాను. ఎప్పుడూ లాగని చెయ్యి. ఒకసారి నర్సమ్మ ఏడుస్తున్నంతసేపూ ఆ పలక వెంట్రుకవాసి కదలకుండా పట్టుకున్నాను, చెయ్యి తిమ్మిరెక్కినా దించలేదు, అది ఆవిడకి తెలుసు. చిన్నోడు కిటికీ వైపు ముఖం పెట్టుకునే, పెదాలు కదపకుండా, "బాగానే ఉన్నానా అన్నయ్యా?" అని అడిగాడు. చిన్నప్పట్నించీ అంతే, కొత్త చొక్కా వేసుకున్నా, పరుగుపందెంలో గెలిచినా, ముందు నన్నే అడుగుతాడు. ఎవరు పొగిడినా చాలదు వాడికి, నేను కూడా పొగడాలి. నేను వాణ్ణి చూశాను. నా భార్య వేళ్ళు ఆనిన గడ్డం, నా కొలతలతో దిద్దిన వెలుతురు, నేను వెచ్చబెట్టిన కుర్చీ, అందులో నా ముక్కూ నా కళ్ళూ పెట్టుకుని నాకన్నా బాగా ఉన్నవాడు. "బానే ఉన్నావు" అన్నాను.

"ఆగు. అలాగే ఉండు" అంది ఆవిడ, ఊపిరి బిగబట్టి. చిన్నోడితో అనుకున్నాను. కెమెరా టిక్కుమంది. ఇంకోసారి టిక్కుమంది. ఆ శబ్దం రోజూ నాకు పక్కనించి వినపడుతుంది, ఇవాళ ఎదురుగా వినపడినట్టనిపించి అటు తిరిగాను. కెమెరా నావైపు తిరిగి ఉంది. పలక ఎందుకలా వంకర పోతోందో చూద్దామని తిప్పిందట, తిప్పి అక్కడే ఆగిపోయిందట. పలక పట్టుకున్న వాడి మీద కిటికీ వెలుతురు తిన్నగా పడుతుందని నాకెందుకు తట్టలేదో తెలియదు. ఆవిడ కెమెరా వెనక చిన్న తెర మీదకి వంగి అలాగే చూస్తూ ఉండిపోయింది. చిన్నోడు కుర్చీలోంచి లేచి, "ఏదీ, బాగొచ్చానా?" అంటూ ఆవిడ భుజం మీంచి తొంగిచూసి, నవ్వు సగంలో ఆపేశాడు. నేనూ పలక మంచం మీద పడేసి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

అది నేను. దుకాణంలో ఏ అద్దంలోనూ కనపడని నేను. ఎత్తిన గడ్డం, పళ్ళు కరుచుకున్న దవడ, కిందికి వాలిన రెప్పల లోంచి ఒక చూపు, ఆ చూపు ఎలాంటిదో ఎవరికీ చెప్పక్కర్లేదు, చదువురాని వాడికి కూడా తెలిసిపోతుంది. ఒక మనిషి ఇంకో మనిషి దగ్గరున్నదంతా తనకి కావాలని చూస్తున్నాడు. కొంచెం కాదు, అంతా. దాచిపెట్టాననుకున్న ఇన్నేళ్ళదీ అక్కడుంది. కళ్ళ మూలల్లో తడి కూడా ఉంది, అదొకటి అన్యాయం, అదెప్పుడొచ్చిందో నాకే తెలియదు. వెలుతురు మాత్రం ఎంతో బావుంది.

"నన్నేనా అన్నయ్యా?" అన్నాడు చిన్నోడు. మెల్లగా అడిగాడు, వాడి గొంతులో నవ్వు లేదు. "నన్నేనా ఇలా చూస్తున్నావు?" వెలుతురు కళ్ళలో కొట్టిందిరా అనొచ్చు. చెయ్యి నొప్పిరా అనొచ్చు. వాడు నమ్ముతాడు, నేనేం చెప్పినా నమ్ముతాడు. నేను తెర వైపే చూస్తున్నాను. ఆవిడ నా ముఖం వైపు చూసింది, తెర మీద ముఖం కాదు, నా ముఖమే, ముక్కు నీడ కోసం కాదు. చూసి, దగ్గరికి వచ్చి, ఆ సగం గొంతుతో, "ఇదే పదోది. నువ్వు ఒప్పుకుంటే" అంది. "ఊళ్ళో అందరూ చూస్తారు మరి. నీ దుకాణానికొచ్చేవాళ్ళు, వీళ్ళ బడివాళ్ళు, అందరూనూ. వద్దంటే ఇప్పుడే తీసేస్తా, చిన్నోడిది పెట్టుకుంటా, వాడిదీ ఒకటి బానే వచ్చింది." చెరిపే బొత్తాం మీద వేలు పెట్టి నిలబడింది. చిన్నోడు గోడకి ఆనుకుని, చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు, మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుంటున్నాడు. తీసెయ్యమనాలి. తమ్ముడు కదా, ఆ మాత్రం చెయ్యాలి. ఆ హాల్లో గోడ మీద ఈ ముఖాన్ని వాడు ప్రతి మనిషి పక్కనా నిలబడి చూడాలి, ఎవర్ని చూస్తున్నాడండీ ఈయన అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాలి. తీసెయ్యమంటే వాడు కూడా ఈ రోజుని మర్చిపోయినట్టు నటించి నన్ను కాపాడతాడు, రేపే వచ్చి ఏదో జోకు వేస్తాడు. కానీ తీసేస్తే పదో ఫ్రేము వాడిది.

"ఉంచు" అన్నాను. "అదే పెట్టు." చిన్నోడు నావైపు చూశాడు. నేను వాడి వైపు చూడలేదు.